తేలే గాలిమరలకు మామగారి పూచీ

మామగారు బతుకంతా ఇళ్లకు పునాదులు తీయించిన కాంట్రాక్టరు. అల్లుడు సముద్రం మీద తేలే గాలిమరల కంపెనీలో ఉద్యోగి. ఆ రంగం రానున్న ఏళ్లలో ఎంత పెరుగుతుందో అంచనా వేయడం అతని పని. ఆదివారం భోజనానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే అత్తగారు వడ్డన గబగబా కానిచ్చేసేవారు.

"అయితే దాని కింద ఏమీ లేదంటావు?" అనేవారు మామగారు.

"నీళ్లున్నాయి మామయ్యగారూ. బాగా లోతున్న చోట అడుగుదాకా స్తంభం దించలేం. అందుకే పెద్ద ఇనుప తెప్ప మీద మరను నిలబెట్టి, గొలుసులతో లంగరేస్తాం. గాలి దండిగా ఉండేది అక్కడే."

"విన్నావా? పునాది లేని ఉద్యోగానికి పిల్లనిచ్చాం," అని ఆయన భార్య వైపు తిరిగేవారు.

ఒకసారి కంపెనీవాళ్లు ఉద్యోగుల కుటుంబాలను మర చూపిస్తామని లాంచీలో తీసుకెళ్లారు. కూతురు పట్టుబట్టి తండ్రిని ఎక్కించింది. అల్లుడు ఇస్త్రీ చొక్కాతో ముందు నిలబడి అందరికీ వివరించడం మొదలుపెట్టాడు. రేవు దాటగానే లాంచీ ఊగింది.

"ఈ రంగం భవిష్యత్తు చాలా..." అన్నాడు. ఆ తర్వాత మాటకు బదులు పొద్దున తిన్నదంతా బయటికొచ్చింది. ఇన్నేళ్లూ కంప్యూటర్లో గీతలు పైకి గీశాడే గాని, పడవెక్కడం అతనికి అదే మొదలు.

లాంచీ మర దగ్గరికి చేరేసరికి కూడా మామగారికి చీమ కుట్టినట్టయినా లేదు. ఒక చేత్తో అల్లుడి బెల్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కళ్లజోడు సర్దుకుని మరనే చూస్తున్నారు. అలొచ్చింది. పసుపుపచ్చ తెప్ప కాస్త ఒరిగి, మళ్లీ సర్దుకుంది. ఇంకో అల. మళ్లీ అంతే. పైన రెక్కలు మాత్రం తమకేం పట్టనట్టు తిరుగుతున్నాయి.

"దీని దుంపతెగ! ఒరిగింది గాని పడలేదే! అల్లుడూ, చూడు చూడు!"

"చూడలేను మామయ్యగారూ," అని అతను కమ్మీకి నుదురానించి మూలిగాడు.

అసలు కష్టం ఒడ్డుకొచ్చాక మొదలైంది. మామగారు పార్టీ మార్చేశారు. సెలూన్లో మెడకు గుడ్డ కట్టించుకుని, "ఇంకో నాలుగేళ్లలో సముద్రం నిండా ఇవే," అని ప్రకటించారు. మందుల షాపు దగ్గరికొచ్చేసరికి సముద్రమే చాలదన్నారు. "మీ అల్లుడు చెప్పాడా?" అని షాపతను అడిగితే, "అతనికేం తెలుసు, కళ్లు తెరిస్తేగా!" అన్నారు.

ఆ ఆదివారం అల్లుడు బతిమాలుకున్నాడు. "పెరుగుతుంది, నిజమే. కానీ ఖర్చు ఇంకా తగ్గాలి. అంతంత పెద్దవి బిగించడానికి సరిపడా రేవుల్లేవు. నెమ్మదిగా పెరుగుతుందని చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"నీదంతా పిరికి లెక్క."

"అది నా ఉద్యోగం మామయ్యగారూ!"

"మరి కాస్త ధైర్యంగా చెయ్యి."

కూతురు నోరు వెళ్లబెట్టింది. "మొన్నటిదాకా పడిపోతుందన్నది నువ్వే కదా నాన్నా!"

"మీ నాన్న మొదట్నుంచీ ఇంతే," అన్నారు అత్తగారు గిన్నె మూత పెడుతూ. "నన్ను చేసుకోమంటే వద్దంటే వద్దన్నారు. ఒక్కసారి చూశాక ఆగమన్నా ఆగలేదు."

మామగారు వినపడనట్టు చేతులు కడుక్కోవడానికి లేచారు. కుళాయి కట్టేసిన చప్పుడు చాలాసేపటిదాకా రాలేదు.