పాయింటు లేని మూడు చోట్లు

సాయంత్రం ఆరు దాటిందంటే అక్క హాలు మధ్యకి కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆమె కూర్చోవడమే ఆలస్యం, ఇల్లంతా చుట్టూ చేరేది. తమ్ముడి కూతురు లెక్కల పుస్తకంతో ఎడమవైపు, తమ్ముడి భార్య చిక్కుడుకాయల పళ్లెంతో కుడివైపు, తమ్ముడు ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఇళ్ల ప్లాన్లతో ఎదురుగా. అక్క ఒంట్లోంచి వెలుగొచ్చేది. కళ్లు చెదిరే వెలుగేమీ కాదు. సూదిలో దారం ఎక్కించడానికీ, చిన్న అక్షరాలు చదవడానికీ సరిగ్గా సరిపోయేది. చేతుల నుంచి కాస్త ఎక్కువ వచ్చేది, మొహం నుంచి కాస్త తక్కువ.

చెవికమ్మ జారిపోయిందని పక్కింటావిడ, వేల్లో పేడు దిగిందని ఎదురింటాయన, "ఒక్క నిమిషం వచ్చి వెళ్లమ్మా" అని పిలిచేవాళ్లు. అక్క చిన్నతనంలో వాళ్లమ్మ ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నాడి చూశాడు, నాలుక చూశాడు. "ఈ పిల్ల వెలుగే దిక్కని ఎవరో ఒకరు అనుకుంటున్నంతకాలం ఇది ఆగదు. అనుకోవడం మానేస్తే దానంతటదే ఆగుతుంది. మందు అక్కర్లేదు" అన్నాడు. పనిలో పనిగా బల్ల కింద పడిపోయిన తన కలం మూత కూడా వెతికించుకున్నాడు.

వాళ్ల అద్దె వాటా పగలు కూడా మసకగానే ఉండేది. వంటింట్లో బల్బు ఎప్పుడో మాడిపోయింది. మార్చాలన్న ధ్యాస ఎవరికీ లేదు. అక్క ఉందిగా. రాత్రి ఎవరైనా లేస్తే కాలికి ఏదీ తగలకుండా అక్క గుమ్మం దగ్గరే పడుకునేది, కళ్ల మీద మడతపెట్టిన తువ్వాలు వేసుకుని. తువ్వాలు బయటి వెలుగుని ఆపుతుంది గానీ లోపలి వెలుగుని ఏం ఆపుతుంది? ఆమె నిద్ర ఎప్పుడూ పైపైనే సాగేది.

ఊళ్లో సగం ఇళ్లు తమ్ముడు గీసినవే. తన ఇల్లు కట్టుకోవడం మాత్రం నలభై ఎనిమిదో ఏట గానీ కుదరలేదు. ఇల్లు కట్టేవాళ్లందరికీ ఒక దశ వస్తుంది. గోడలు లేచి, తలుపులు బిగించి, రంగులు కూడా పడ్డాక పైకప్పు నుంచి వైర్లు తోకల్లా వేలాడుతుంటాయి. ఆ తోకలకి ఏం తగిలించాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకి మాటలు ఆగిపోతాయి. వీళ్లకీ రెండు రోజులు ఆగిపోయాయి. మూడోరోజు భార్యే దిగొచ్చింది.

"తెల్లటివి పెడితే ఆసుపత్రిలా ఉంటుంది, పచ్చటివి పెడితే పాత హోటల్లా ఉంటుంది. ఇన్నేళ్లూ వదిన వెలుగుకి కళ్లు అలవాటుపడ్డాయండీ. ఆ రంగువే ఎక్కడైనా దొరుకుతాయేమో చూడండి."

"అయితే అక్కనే షాపుకి తీసుకెళ్దాం. పక్కన పెట్టి చూసుకోవచ్చు."

"నేనెందుకురా?" అంది అక్క. "నాకు లైట్ల గురించి ఏం తెలుసు?"

"ఏం తెలియక్కర్లేదు అక్కా. ఊరికే అలా కూర్చో, చాలు."

"నేను చేసేది అదేగా" అని నవ్వి చెప్పులేసుకుంది. గుడ్డముక్క పట్టుకుని మ్యాచింగ్ వెతకడానికి వెళ్లినట్టు, అక్కని పట్టుకుని మొగుడూ పెళ్లాలు బయల్దేరారు.

షాపు మూడంతస్తులు. తలెత్తితే పైకప్పు కనపడదు, గాజు గిన్నెలు, గాజు గొట్టాలు, ఇత్తడి కొమ్మలు, సాలెగూళ్లలాంటి షాండ్లియర్లు. అన్నీ వెలిగే ఉన్నాయి. షాపాయన ఎదురొచ్చి, వాళ్లకి కావాల్సిన రంగు సంగతి విని, సాంపిల్ ఏదని అడిగాడు. తమ్ముడు అక్కని చూపించాడు. ఆయన తల పంకించి, ఆమెకి కుర్చీ వేయించి, వార్మ్ వైట్ బల్బు ఒకటి, నేచురల్ వైట్ ఒకటి చేతుల్లో పట్టుకుని దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"సాంపిల్ ఆరిపోయిందేంటండీ?"

నిజమే. అన్ని వందల లైట్ల మధ్య అక్క వెలుగు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె చేతులు మామూలు చేతుల్లా ఒళ్లో పడున్నాయి. తల ఒక పక్కకి వాలిపోయింది. పొద్దున పదకొండింటికి, నలుగురు వచ్చిపోయే షాపులో, ప్లాస్టిక్ కుర్చీలో అక్క నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, సన్నగా గురక కూడా వస్తోంది. భార్య భుజం తట్టింది. తమ్ముడు "అక్కా, అక్కా" అన్నాడు. ఆమె కదల్లేదు.

తమ్ముడు మొదటిసారి అక్క మొహాన్ని దాని సొంత వెలుగు లేకుండా చూశాడు. కళ్ల కింద నల్లటి వలయాలు, నోటికి రెండువైపులా గీతలు, చెంపల దగ్గర పూర్తిగా నెరిసిన జుట్టు. రోజూ చూసే మొహమే. వెలుగు ఇచ్చేదాన్ని ఎవరూ తేరిపార చూడరు, దాంతో వేరేవి చూసుకుంటారు.

"లేపకండి, పాపం, పడుకోనివ్వండి" అని షాపాయన గొంతు తగ్గించాడు. "ఈలోగా మీ ప్లాను చూద్దాం. పాయింట్ల లెక్క తేలితే సగం పనైపోయినట్టే."

కరెంటు ప్లాను బల్ల మీద పరిచారు. షాపాయన వేలు గది గదికీ తిరిగింది. వరండాలో రెండు, మెట్ల దగ్గర మూడు, పడగ్గదుల్లో నాలుగేసి. వేలు వంటింటి దగ్గర ఆగింది.

"గట్టు మీద లైటు పాయింటు లేదేంటండీ? కూరగాయలు తరుక్కునేది ఇక్కడేగా." వేలు ముందుకెళ్లింది. "భోజనాల బల్ల మీదా లేదు. పాప చదువుకునే బల్ల దగ్గరా లేదు. స్నానాల గదిలో అద్దానికి రెండు పెట్టి, ఇక్కడ ఒక్కటీ పెట్టలేదు. ప్లాను గీసిందెవరండీ?"

"నేనే."

"ఈ మూడు చోట్లా ఇంకేమైనా పెడదామనుకున్నారా?"

తమ్ముడు ప్లాను మీదికి వంగాడు. కావాలని వదిలేసింది కాదు. చెయ్యి దానంతటది గీసుకుంటూ పోయింది. ఆ మూడు చోట్లకీ వెలుగు ఉందని చేతికి తెలుసు. నడవా వైపు చూశాడు. రెండు పడగ్గదుల మధ్య చిన్న చతురస్రం, లోపల 'అక్క మంచం' అని తన చేతిరాతే. రాత్రి లేచినవాళ్లకి దారి కనపడాలని అక్కడ పెట్టాడు. నాలుగు గదుల ఇల్లు గీసి, అక్కకి గది గీయలేదు.

"మా అక్క కూర్చుంటుంది" అన్నాడు చివరికి. షాపాయన కుర్చీలో నిద్రపోతున్న మనిషిని ఒకసారి చూసి, ప్లాను మడిచి ఇచ్చేశాడు.

అక్క నాలుగు గంటలు పడుకుంది. వాళ్లు పక్కనే నిలబడి ఎదురుచూశారు. ఆ నాలుగు గంటల్లో తమ్ముడికి పాత సంగతొకటి గుర్తొచ్చింది. మరిచిపోయాడని కాదు, అటువైపు చూడ్డం మానేశాడంతే. అక్కకి పంతొమ్మిదేళ్లప్పుడు వేరే ఊరి నుంచి నర్సు ట్రైనింగుకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఆమెకీ, ఆమె స్నేహితురాలికీ ఒకేరోజు వచ్చింది. అక్క పెట్టె సర్దుకుంది. తమ్ముడికి ఆ ఏడే టెన్త్ పరీక్షలు. "నువ్వెళ్లిపోతే నేనెలా చదువుకోవాలి?" అని అడిగాడు. అడిగాడంతే. ఏడవలేదు, అడ్డం పడలేదు. అక్క పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది. స్నేహితురాలు వెళ్లింది. మరుసటేడు వెళ్లొచ్చులే అన్నారు. మరుసటేడు ఇంటరు, ఆ తర్వాత అమ్మకి చూపు తగ్గడం, ఆ తర్వాత తమ్ముడి ఉద్యోగం, పెళ్లి, కూతురు. ముప్ఫై మూడేళ్లు.

మర్నాడు కొత్తింటికి కరెంటు మేస్త్రిని పిలిపించి మూడు చోట్లా పెన్సిలుతో గుర్తులు పెట్టాడు.

"పైపులు వేసేరోజే అడిగాను కదా సార్" అన్నాడు మేస్త్రి. "ఇక్కడ పాయింటు వద్దా అంటే, అక్క ఉందిగా అన్నారు. ఇప్పుడు గోడ కొయ్యాలి. పుట్టీ, రంగు అన్నీ పోతాయి."

"పోనీ."

భార్య పరుగెత్తుకొచ్చింది. "రెండో కోటు ఆరిందండీ! మీకేమైనా మతిపోయిందా?"

అతను మేస్త్రి చేతిలోంచి సుత్తీ ఉలీ తీసుకుని మొదటి దెబ్బ తనే వేశాడు. ప్లాన్లు గీసే చెయ్యి, ఉలి అడ్డదిడ్డంగా పోయింది. మేస్త్రి జాలిపడి మిషను తెచ్చి, గుర్తుల మీద తిన్నగా గాడి కోశాడు. ఇల్లంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో నిలబడే అతను భార్యకి నడవాలోని చతురస్రం సంగతి చెప్పాడు. ఆమె కొంగుతో ముక్కు మూసుకుని వంటగట్టు ముందు చాలాసేపు నిలబడింది. "వదిన లేకపోతే నాకు ఉప్పు డబ్బా కూడా కనపడదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తోచలేదు చూడండి" అంది.

ప్లాన్లు గీసుకోవడానికని తూర్పువైపు ఉంచుకున్న గదిని తమ్ముడు అక్కకి ఇచ్చేశాడు. షాపులో అన్నిటికన్నా మంచి లైటు ఆ గదికే కొన్నాడు. పాపం ముప్ఫై మూడేళ్లదైతే ప్రాయశ్చిత్తం ఒక షాండ్లియరుతో అయిపోతుందని అతని ఆశ.

కొత్తింట్లో చేరిన రోజు సాయంత్రం మేస్త్రి మెయిన్ వేశాడు. అన్నీ ఒక్కసారి వెలిగాయి. వంటగట్టు మీద, భోజనాల బల్ల మీద, పాప బల్ల దగ్గర. అక్క వెలుగు సగానికి సగం తగ్గింది గానీ ఆగలేదు. ఎడమచెయ్యి ఆరింది, వీపు ఆరింది. తమ్ముడు ఉన్న వైపు మాత్రం ఇంకా సన్నగా వస్తూనే ఉంది. అలా నాలుగు రోజులు. అతను ఎటు వెళ్తే ఆ వైపు చెంప వెలిగేది.

అయిదోరోజు కూతురు చెప్పింది. "నాన్నా, మీరింకా అత్త ఎదురుగానే కూర్చుని గీస్తున్నారు."

అతను చూసుకున్నాడు. తలమీద లైటుంది. అయినా అలవాటుగా ప్లాను పట్టుకుని, అక్క కుర్చీ ఎక్కడుంటే అక్కడికే స్టూలు లాక్కుంటున్నాడు. లేచి, ప్లాను తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పరిచాడు. లైటు కింద కూర్చుని, వెనక్కి తిరక్కుండా, ఎవరివో రెండు గదుల ఇంటికి కిటికీలు గీశాడు. కష్టంగానే గీశాడు. పూర్తయ్యాక తిరిగి చూస్తే అక్క ఆరిపోయి ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"ఏమైనా నొప్పిగా ఉందా అక్కా?"

"లేదురా. తేలిగ్గా ఉంది." చేతులు ఒళ్లో పెట్టుకుని, "నేను వెళ్తాను" అంది.

"పడుకుంటావా? నీ గదిలో లైటు వేస్తాను, ఉండు."

"ఆ గదికి కాదు. దాని దగ్గరికి." తన స్నేహితురాలి గురించి చెబుతోందని అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. "ముందే రిటైర్మెంటు తీసుకుందట. పైన గది ఖాళీగా ఉందని ఎప్పట్నుంచో రాస్తోంది. అక్కడి ఆసుపత్రిలో పిల్లల వార్డులో పక్కన కూర్చునేవాళ్లు కావాలట. నర్సులు కాదు, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు. వయసు అడగరట."

తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. "అక్కా, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. నీ బతుకంతా నా వల్లే..."

"చిన్నపిల్లాడివి. పరీక్షలున్నాయి. ఆ రోజు గురించి నాకేం బాధ లేదు, నేనే ఉండిపోయాను." అక్క గొంతులో కోపం లేదు, అదే అతనికి కష్టంగా ఉంది. "ఆ తర్వాతరా. వంటింట్లో బల్బు మాడిపోయిందిగా. ఒకటి కొందామని ఏ ఏడూ ఎవరికీ తోచలేదు. నోరు తెరిచి నేనే అడుగుదామనుకునేదాన్ని. మీరే కొంటారులే అని చూసి చూసి, తర్వాత చూడ్డం మానేశాను."

అతనికి ఏడుపొచ్చింది. ఉండిపొమ్మనడానికి మొహం చెల్లలేదు, వెళ్లమనడానికి మనసు రాలేదు. అక్కే అతని తల నిమిరి, బస్సు ఎన్నింటికుందో కనుక్కోమంది.

మర్నాడు సాయంత్రం బస్టాండుకి తనే తీసుకెళ్లాడు. అక్క చేతిలో ఒక్క సంచీ. కొత్త ఊళ్లో ఎవరూ ఆమె వెలుగు కోసం ఎదురుచూడటం లేదు. అక్కడామె అందరిలాగే మసకలో తడుముకుంటూ స్విచ్చులు వెతుక్కుంటుంది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "పాప కళ్లజోడు పవరు చూపించు, పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటోంది" అంది. లోపలికి వెళ్లింది.

డ్రైవరు ఎక్కి లోపలి లైట్లు ఆపేశాడు. తమ్ముడు కిందనుంచి కిటికీల వెంట నడిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఎంత గుంపులోనైనా, ఎంత చీకట్లోనైనా అక్క ఎక్కడుందో అతను వెతకాల్సిన పనిలేకపోయింది. ఇప్పుడు కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కోదాని వెనక ఒక్కో మనిషి నీడ. "అక్కా" అని పిలిచాడు. ఇంజను మోతలో తన గొంతు తనకే వినపడలేదు.

బస్సు కదిలింది. ఆమె ఎటువైపు కూర్చుందో కూడా తెలియక, అతను తనని దాటిపోతున్న ప్రతి కిటికీకీ చెయ్యి ఊపాడు. ఎవరెవరో తెలియనివాళ్లు తిరిగి చేతులూపారు.