ప్రసన్నకుమారి తరఫున

"ప్రసన్నా, ఆ అటక మీద గుండిగ దించిపోమ్మే. నీకయితే ముక్కాలిపీట గూడా అక్కర్లేదు."

అత్త దేవకమ్మ వారానికి నాలుగుసార్లయినా అనే మాట ఇది. ప్రసన్నకుమారి ఆరడుగుల ఒక్క అంగుళం. అటక మీది సామాను దించాలన్నా, ఫ్యాను రెక్కలు తుడవాలన్నా, పక్కింటివాళ్ల బల్బు మార్చాలన్నా తిరుపతిలోని ఆ వీధి మొత్తానికీ ఆమె చెయ్యే కావాలి. ఆ చెయ్యి రెండు దేశాల్లో బాస్కెట్‌బాల్ ఆడి జీతం తెచ్చిందని అందరికీ తెలుసు. గుండిగ దించేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆమె గుండిగ దించి, దాని మీది బూజు కొంగుతో తుడిచి అత్త ముందు పెట్టింది. "అట్లే ఆ పైన సాలీడు గూడు గూడా," అంది దేవకమ్మ.

కార్వేటినగరం దగ్గర పల్లెలో పుట్టిన పిల్ల. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి చెంగమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసి పెంచింది. ఎనిమిదో తరగతికే మాస్టర్ల కన్నా పొడుగైపోయింది. నడుము వంచుకుని, భుజాలు ముడుచుకుని నడిచేది. చిత్తూరులో ఆటల పోటీలకు తీసుకెళ్లినప్పుడే మొదటిసారి నిటారుగా నిలబడమని ఎవరో చెప్పారు. ఆ మాటకు ఆ రోజంతా ఏడుపు వచ్చినట్టయింది. ఎందుకో తనకే తెలియలేదు. ఆట వల్ల ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇరవై మూడో ఏట థాయ్‌లాండ్ క్లబ్బులో నాలుగు నెలలు ఆడింది. తర్వాత జార్జియా దేశంలో ఒక సీజన్ పూర్తిగా, రెండోది సగం. డిసెంబరు మంచులో మోకాలు మెలితిరిగితే వారం తిరక్కుండా టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు.

ఆమె పెద్దగా పాయింట్లు వేసే ఆటగత్తె కాదు. ఆమె పని అడ్డం నిలబడటం. తమ జట్టు పిల్ల బంతితో బుట్ట వైపు దూసుకుపోయేటప్పుడు, వెంటపడే ప్రత్యర్థికి ఎదురుగా గోడలా నిలబడి ఆ గుద్దును తన ఒంటి మీద తీసుకోవాలి. ఆటలో దాన్ని స్క్రీన్ అంటారు. స్కోరు కాగితంలో దానికి గడి ఉండదు. జార్జియాలో సహాయ కోచ్‌గా ఉన్న మార్తా మాత్రం ప్రతి మ్యాచ్ తర్వాతా వచ్చి, ఈ రోజు పద్దెనిమిది వేశావు, ఈ రోజు ఇరవై రెండు అని లెక్క చెప్పేది. తన పనిని ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టడం ప్రసన్న జీవితంలో అదే మొదటిసారి.

గిరిప్రసాద్ వరసకు బావ. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. పేపర్లో ఆమె ఫోటో చూసి, ఈ పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాడు. పెళ్లి ఫోటోల్లో అతని కాళ్ల కింద చెక్క పలక వేశారు. వాళ్ల పెద్దమ్మ ఒకామె, "ఫోటోల వరకూ పలక సరే, బతుకంతా ఏం ఏస్తారు?" అంటే అందరూ నవ్వారు. ప్రసన్న కూడా నవ్వింది. నవ్వుతూనే కాస్త వంగింది. పెళ్లయిన నెలలోనే ఆమె మెయిలు, ఆమె కాంట్రాక్టు కాగితాలు అతని చేతికి వెళ్లాయి. "నీ ఇంగ్లీషుతో పరువు తీయొద్దు. నీ తరఫున నేను రాస్తాలే," అన్నాడు. అప్పుడది ప్రేమ మాటలాగే వినిపించింది. యాభై ఇంగ్లీషు ముక్కలతో రెండు దేశాల్లో తిండి, మందులు, స్నేహం అన్నీ సంపాదించుకున్న సంగతి ఆమెకే గుర్తు రాలేదు.

పాప జాహ్నవి పుట్టింది. ఇంక ఆట అయిపోయిందని అందరూ అనుకున్నారు. పాపకు ఏడాది నిండాక ప్రసన్న తెల్లవారుజామున లేచి, యూనివర్సిటీ గ్రౌండులో పరుగు మొదలుపెట్టింది. వెనక్కి వచ్చి దోసెలు పోసి, పాపకు స్నానం చేయించి, భర్త చొక్కా ఇస్త్రీ చేసి ఆఫీసుకు వెళ్లేది. ఆఫీసులో సీటు పక్కన వాళ్లు, "ఆడదానివి, ఇంగ ఎవురికోసరం పరిగెత్తేది?" అనేవారు. రెండేళ్లకు ఒళ్లు మాట వినడం మొదలుపెట్టింది. ఆఫీసుల టోర్నమెంటులో ఆడిన వీడియో మార్తాకు పంపింది. మార్తా ఇప్పుడు పోర్చుగల్‌లో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి జట్టుకు పెద్ద కోచ్. ఎనిమిది నెలల కాంట్రాక్టు మెయిల్లో వచ్చింది. ఆగస్టు ఆఖరులోగా జవాబు కావాలంది.

"సూద్దాంలే," అన్నాడు గిరిప్రసాద్. ప్రసన్న రోజూ అడిగేది. రోజూ సూద్దాంలే.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన, క్రీడా దినోత్సవం నాడు తిరుపతిలో క్రీడాభిమానుల సంఘం ఒకటి ఆమెకు సన్మానం పెట్టింది. సాయంత్రం హాలు నిండా జనం. శాలువా కప్పారు, దండ వేయడానికి ఆమెను వంగమన్నారు. తర్వాత భర్తను మాట్లాడమన్నారు. గిరిప్రసాద్‌కు మైకు అలవాటే.

"మా ఇంట్లో ఆడోళ్లకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చినాము," అని మొదలుపెట్టాడు. "ఈసారి పోర్చుగల్ వాళ్లు పిలిచినారు. ఎంతమందికి వస్తుందండీ అట్లాంటి అవకాశం? కానీ మా ప్రసన్న, బిడ్డ కోసరం, కుటుంబం కోసరం, వద్దనుకునింది. పతకాల కన్నా గొప్పది ఆ త్యాగం."

హాలంతా చప్పట్లు. థాయ్‌లాండ్ అన్నప్పుడు కొట్టనంతసేపు, జార్జియా అన్నప్పుడు కొట్టనంత గట్టిగా కొట్టారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. తన నిర్ణయాన్ని మూడు వందల మందితో పాటు అప్పుడే విన్న ప్రసన్నకుమారి శాలువా అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె వంతు వచ్చింది. లేచి మైకు దగ్గరికి వెళ్లింది. వెయ్యి మాటలున్నాయి. కింద, నిద్రపోతున్న పాపను ఒడిలో పెట్టుకున్న దేవకమ్మ కనబడింది. "అందరికీ నమస్కారం," అని కూర్చుంది. మ్యాచుల్లో ఎన్ని గుద్దులు తిన్నదో లెక్కలేదు. కానీ, అప్పుడు నోరు తెరవలేకపోయినందుకు తన మీద తనకు పుట్టిన కోపం లాంటిది ఏ గుద్దులోనూ లేదు.

స్కూటరు మీద అడిగింది. "వద్దనుకున్నానని ఎప్పుడు చెప్పినా బావా నీకు?"

"వారం ముందరే మెయిలు పెట్టేసినా. నువ్వెట్లాగూ తేల్చుకోలేవని. నిన్ను అడిగితే ఏడుస్తావు, నేను సూడలేను."

"నేను పోతానని రోజూ చెప్తానే ఉన్నా గదా."

"అది ఆశ ప్రసన్నా. నిర్ణయం వేరే. ముప్పై ఏండ్లకు ఆడ యాడో పొయ్యి పడితే? మళ్లీ తరిమేస్తే? నీ మంచికే రాసినా."

మరునాడు పొద్దున ఆమె గ్రౌండుకు వెళ్లలేదు. వంటింట్లో కూర్చుని చిక్కుళ్లు గిల్లుతుంటే దేవకమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వాడు నిన్ను అడక్కుండా రాసినాడంట గదా," అంది.

ప్రసన్న తలూపింది.

"నాకూ ఒకసారి ఆర్డరు వచ్చిండె. బాలవాడీ టీచరు పోస్టు. మీ మామ చెప్పనేలేదు. పోస్టుమ్యాను చెప్తే మూడేండ్లకు తెలిసింది."

"అప్పుడేం చేసినారత్తా?"

"ఏం జేస్తా? వంట జేసినా."

చిక్కుడు ఈనె తీసి పళ్లెంలో పడేసింది దేవకమ్మ. "నువ్వు పొయ్యేది నాకు ఇష్టం లేదుమ్మే. ఉండేది ఉన్నట్టు చెప్పాల. ఈ మోకాళ్లతో నాకు కష్టం. కానీ అడక్కుండా రాసింది తప్పే. మీ మామది గూడా తప్పే."

ఆ వయసులో ఆమె ఆ మాట ఎంత తేలిగ్గా అంది! యాభై ఏళ్లు అరిగి అరిగి నున్నగా అయిన మాటలా అంది. ప్రసన్నకు అదే భయం వేసింది. తనూ ఒకరోజు కోడలి ముందో, కూతురి ముందో కూర్చుని, నాకు పోర్చుగల్ పిలుపు వచ్చిండె అని చిక్కుళ్లు గిల్లుతూ చెప్తుంది. అప్పుడేం చేసినావమ్మా అని జాహ్నవి అడుగుతుంది. జాహ్నవి కోసమే ఉండిపోయానని చెప్తే, ఆ పిల్ల నెత్తిన అదెంత బరువు? బిడ్డను వదిలి వెళ్లడం తప్పేమో, తెలియదు. రాత్రి పాప చెయ్యి మెడ మీద పడకపోతే తనకే నిద్ర పట్టదు. అయినా, వెళ్లాలో వద్దో తెలియకపోవడం తనది. తెలిసినట్టు ఇంకొకరు రాసేయడం తనది కాదు. ఇప్పుడు వెళ్లకపోతే తను ఉండిపోయినట్టు కాదు, అతను ఉంచేసినట్టు. ఆ తేడా మోస్తూ ఇంకో ముప్పై ఏళ్లు ఈ ఇంట్లో తిరగడం తన వల్ల కాదు.

ఆమె చేతులు కడుక్కుని, ఫోన్ తీసి మార్తాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుని చెప్పింది. "మార్తా, ఆ మెయిలు నేను కాదు. నా భర్త రాశాడు. నన్ను అడగలేదు. నేను ఆడతాను."

జవాబు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వచ్చింది. ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చేశాం ప్రసన్నా, కాగితాలైపోయాయి. అదనపు క్రీడాకారిణి ఒకరు కావాలేమో అక్టోబరులో చూస్తాం. పది రోజులు ట్రయల్స్‌కి రావాలి. టికెట్టు నీదే. మాట ఇవ్వలేను.

ఆమె అప్పుడే మే నెల దాకా సెలవు అర్జీ రాసింది. సూపరింటెండెంటు చదివి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "మీ ఆయన ఒప్పుకున్నట్టు లెటరు ఒకటి జత చెయ్యమ్మా."

"ఏ రూల్లో ఉండాది సార్? చూపిస్తే తెస్తాను."

ఆయన బీరువా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. రూలు దొరకలేదు. అర్జీ పైకి వెళ్లింది, రెండు వారాలకు మంజూరై వచ్చింది.

సాయంత్రం గిరిప్రసాద్‌తో చెప్పింది. అడగలేదు, చెప్పింది. అతను అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"ట్రయల్సా? గ్యారంటీ లేకుండానా? వద్దని పంపించేస్తే?"

"తిరిగొస్తా. ఒకసారి వచ్చినా గదా. చావలేదే."

"మా స్టాఫ్ రూములో ఏమంటారో తెలుసా? పెండ్లాం బంతాడతా ఉంటే వీడు బిడ్డకు ముడ్డి కడగతాడంటారు."

"కడిగితే ఏం బావా? నీ బిడ్డేగదా."

"నువ్వు లేకపోతే దాన్ని ఎవురు సూసేది? అమ్మకు మోకాళ్లు."

"అత్తను అడగలేదు నేను. నీకే చెప్తా ఉండా. నెల టైముండాది. నేర్చుకో."

అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ఆమె మెయిలు తెరుచుకోవడం లేదని అరిచాడు. పాస్‌వర్డ్ మార్చానంది. అరుపు ఆగాక, పాప జుట్టు రెండు పాయలు చేసి అతని చేతికిచ్చింది. జడ వంకర వచ్చింది. పాప అద్దంలో చూసుకుని, "నాయనా, ఇది పాము మాదిరి ఉండాది," అని కిలకిలా నవ్వింది. మరునాడు కాస్త తిన్నగా వచ్చింది. అతను ఒప్పుకున్నానని ఎప్పుడూ అనలేదు. ప్రసన్న కూడా ఆ మాట కోసం ఎదురు చూడటం మానేసింది. తల్లి చెంగమ్మ మాత్రం ఫోన్లో, "పొయ్యిరామ్మా. ఆదివారం ఆదివారం నేనొచ్చి బిడ్డను సూసిపోతా," అంది. వీసా కోసం రెండుసార్లు మద్రాసు బస్సెక్కింది, ఒక్కతే. బయలుదేరే రోజు జాహ్నవి ఏడ్చింది. ప్రసన్న కూడా ఏడ్చింది. ఏడుస్తూనే కారెక్కింది.

ట్రయల్స్‌లో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. మొదటి మూడు రోజులు ఆమె ఊపిరి అందక గోడకు చేరగిలబడింది. ఐదో రోజు మోకాలు వాచింది. మంచు ముక్కల సంచి కట్టుకుని పడుకుని, గిరిప్రసాద్ అన్నది నిజమేనేమో అనుకుంది. నిజమే అయినా, ఆ నిజాన్ని తన మోకాలితో తను తెలుసుకోవాలి. ఏడో రోజు రెండు జట్లుగా విడగొట్టి ఆడించారు. ఆమె బంతి ముట్టుకున్నది నాలుగైదు సార్లే. కానీ, ఆమె జట్టులో ఉన్న చిన్న పిల్ల ఒకతి, ముందురోజు వరకు బుట్ట దగ్గరికే పోలేనిది, ఆ రోజు పద్నాలుగు పాయింట్లు వేసింది. ఆట అయ్యాక ఆ పిల్లే వచ్చి ప్రసన్నను కావలించుకుంది. మార్తా చేతిలో కాగితం మీద పెన్సిలు గీతలున్నాయి. "ఇరవై ఆరు," అంది.

పదో రోజు సీజన్ చివరి వరకూ కాంట్రాక్టు ఇచ్చారు. అదనపు ఆటగత్తెగా, మొదటి నెల బెంచి మీదే. ఆమె ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదివింది. అర్థం కానివి మార్తాను మూడుసార్లు అడిగి చెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

ఇంటికి ఫోన్ చేసింది. పాప అన్నం తిని నిద్రపోయిందట. పెసరపప్పు తానే వండానని గిరిప్రసాద్ చెప్పాడు. గొంతులో కోపం ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది. ఆమె కాంట్రాక్టు సంగతి చెప్పింది.

"అయితే మే నెల దాకా రావా?"

"మధ్యలో పది దినాలు సెలవు ఇస్తారంట. అప్పుడొస్తా."

"సరే. ఈ ఒక్క సీజన్‌తో ఆపేస్తావని ఈడ అందరికీ చెప్పేదా? అడగతా ఉండారు."

కిటికీ అవతల కోర్టులో అమ్మాయిలు అప్పుడే బంతి కొట్టడం మొదలుపెట్టారు. ప్రసన్నకుమారి బూటు లేసు బిగించుకుంటూ, గొంతు పెంచకుండా అంది.

"వద్దు బావా. ఎవురైనా అడిగితే నా నంబరియ్యి. నేను చెప్తా."