పెట్టె లోపలి ఖాతా

నాకు అక్షరాలు పెద్ద వయసులో వచ్చాయి, రాయడం నెమ్మది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తోడికోడళ్లిద్దరిదీ ఒకే ఆఫీసు. చిన్న కోడలికి ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్ద కోడలే. పని నేర్పిందీ ఆమే. "కవలల్లా అతుక్కుపోయారేంటి?" అని మేనేజరు ఆటపట్టించేవాడు.

ఒకరోజు, ఆసుపత్రివాళ్లు కంప్యూటర్లో దాచమని ఇచ్చిన ఎక్స్‌రేలు మాయమయ్యాయి. అవి ఉన్న ఫోల్డరులో చెరిపే అనుమతి చిన్న కోడలి ఖాతాకే ఉంది. చెరిపిందీ ఆ ఖాతాయేనని కంప్యూటరు చూపించింది.

"నేను ముట్టుకోలేదు సార్."

"మరి దయ్యం వచ్చి చెరిపిందా? సాయంత్రంలోగా తేల్చమ్మా. లేకపోతే రేపట్నుంచి రావద్దు."

చిన్న కోడలు పక్క సీట్లోని పెద్ద కోడలి వైపు తిరిగింది.

"అక్కా, పాత ఫైళ్లు ఊడ్చే ప్రోగ్రాం నీ కంటైనర్లోనేగా ఉంది? ఒక్కసారి చూడవా?"

"చూశానే. దాన్లో ఏం లేదు. నువ్వే ఏదో నొక్కుంటావు."

కంటైనరంటే ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సామానుతో సహా సర్దిన పెట్టె. లోపల పని చేయడానికి దానికీ ఒక ఖాతా ఇస్తారు. కంప్యూటరు మాత్రం ఖాతాను పేరుతో కాదు, నంబరుతో గుర్తుపడుతుంది.

చిన్న కోడలు ఆ పెట్టె తెరిచింది. ఏ తేడా కనబడలేదు. మనసొప్పక నిన్నటి కాపీ కూడా తీసింది. అందులో లోపలి ఖాతాకు అచ్చం తన నంబరే ఉంది! పెట్టెలోని ప్రోగ్రాం చిన్న కోడలి అనుమతితోనే ఎక్స్‌రేలు ఊడ్చేసింది, నింద ఆమె నెత్తిన పడింది. అది పొరపాటే, ఎవరైనా చేస్తారు. కానీ ఈ పొద్దున ఆ నంబరు మార్చేశారు. ఆ పెట్టెను ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చగలిగేది మాత్రం అక్క ఒక్కతే.

"తెలిసే నన్ను ఇరికించావా అక్కా?"

పెద్ద కోడలు తెర మీంచి చూపు తిప్పలేదు. "గట్టిగా అరవకే. నీకేం, చిన్నదానివి, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నాకీ వయసులో ఎవరిస్తారు? ఇంట్లో మాత్రం అనకు."

"నా నోట్లో మట్టి కొట్టి, రాత్రికి పక్కన కూచుని అన్నం వడ్డిస్తావా?"

చిన్న కోడలు నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు కాపీలూ మేనేజరుకి చూపించింది. ఆమె ఉద్యోగం నిలిచింది. పెద్ద కోడలికి నాలుగు చీవాట్లు పడ్డాయి, అంతే. పొరపాటని పొద్దున్నే చెప్పుంటే అవీ పడేవి కావు.

ఇంటికొచ్చాక చిన్న కోడలు మొగుడితో ఒకే మాట అంది: "వేరు పడదాం."

— వాళ్లిద్దరి అత్తగారు, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు చిన్న కోడలి దగ్గరే ఉంటున్నాను.