తడి పన్ను మీద పూత

పిల్ల నోరు తెరవగానే వాసన గుప్పుమంది. పదకొండేళ్ళుగా పళ్ళ డాక్టరు పక్కన నిలబడి ఎన్ని నోళ్ళు చూసిందో లెక్కలేని నర్సే మొహం పక్కకి తిప్పుకుంది. పైగా అది సొంత అక్క కూతురి నోరు.

కింది దవడ పన్ను మీద నిరుడు డాక్టరూ తనూ బడికి వెళ్ళి వేసిన పూత ఒక అంచున లేచింది. పన్ను గాట్లలో తిండి ఇరుక్కోకుండా, పుచ్చు రాకుండా వేసే పూత అది. సన్నటి కొక్కెంతో తాకిందో లేదో పెచ్చు ఊడి వచ్చింది. కింద నల్లగా, మెత్తగా కుళ్ళిన ముద్ద. ఛీ! కాపాడాల్సిన మూత కిందే పుచ్చు ఏడాదిగా హాయిగా కాపురం చేస్తోంది.

డాక్టరు తొంగి చూసి, పక్కనే నిలబడ్డ అక్క వైపు తిరిగి పెదవి విరిచాడు. "మీ అమ్మాయి పళ్ళు తోముకోదమ్మా. బద్ధకం. మేం పూత వేస్తే సరిపోతుందా?"

"నేను రోజూ రెండుసార్లు తోముకుంటా," అంది పిల్ల.

"పైగా అబద్ధాలు కూడానా?" అక్క దాని నెత్తిన ఒక్కటి మొట్టింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పూత పట్టాలంటే పన్ను మీద బొట్టు తడి ఉండకూడదు. నిరుడు బడిలో ఆ రోజు దవడలో పెట్టిన దూది ఉమ్మితో నాని ముద్దయింది. నర్సు మార్చబోతే, "కానీ కానీ, మధ్యాహ్నానికి బడి మొత్తం అయిపోవాలి, ఫొటోలకి పెద్దవాళ్ళొస్తున్నారు," అని డాక్టరు తొందరపెట్టాడు. ఆమె నోరు మూసుకుని, పూత గట్టిపడే నీలం దీపం పట్టింది. ఇప్పుడు ఈ పెద్దమనిషి నేరం ఎనిమిదేళ్ళ పిల్ల మీదకి నెట్టి చేతులు దులుపుకుంటున్నాడు! అతణ్ణి చూస్తే అసహ్యం వేసింది. తనను తలచుకుంటే అంతకన్నా రోత పుట్టింది.

"దాన్ని కొట్టకక్కా. తప్పు మాది. తడి పన్ను మీదే వేశాం. తెలిసే వేశాం. దీపం పట్టింది నేనే."

డాక్టరు మొహం కందగడ్డ అయింది. "నీకు మతి గానీ పోయిందా?"

అక్క అతని వంక చూడనే లేదు. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, చెల్లెలి చేతుల్ని ఏవగింపుగా చూసింది.

"ఆ రోజు ఎంతమందికి వేశారే?"

"డెబ్బై నలుగురికి," అంది నర్సు, తొడుగులు విప్పి పారేసి, బడికి ఫోను కలుపుతూ.