బ్రేస్ మీద కొలత

పద్నాలుగు దగ్గర ఊపిరి అయిపోయింది. సూర్యకళ గోడకు వీపు ఆనించి, ఎడమ చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఈసారి పదమూడే. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు పైకి చదవగలదో రోజూ చూసుకోమన్నాడు తణుకులో ఫిజియోథెరపీ చేసే శ్యాంబాబు. ఆరేళ్ళ కిందట ఇరవై ఎనిమిది వచ్చేవి. మూడోసారి ఆమె ప్రయత్నించలేదు. పదమూడా పద్నాలుగా అన్నది తేల్చుకోవడానికి ఇంకో పదమూడు ఖర్చుపెట్టడం దుబారా అనిపించింది.

పెనుగొండలో వాసవీ అమ్మవారి గుడికి వెళ్ళే దారి పక్క సందులో, ముందు గదిలో మిషను, వెనక గదిలో మంచం. సూర్యకళకి యాభై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎడమ నడుము లోపలికి నొక్కుకుపోయి, కుడి భుజం వెనక్కి పొడుచుకొచ్చి, వెనక నుంచి చూస్తే జాకెట్లో ఎవరో చిన్న చేట దాచిపెట్టినట్టుంటుంది. అయినా ఊళ్ళో నలభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో సగంమంది ఒంటికి కుదిరిన జాకెట్లు వేసుకుంటున్నారంటే, అది ఆవిడ చలవే.

పదమూడో ఏట అమ్మ ఆమెకి ఓణీ వేస్తూ, లంగా అంచు ఒకవైపే నేలకు ఎందుకు తగులుతోందో అర్థంకాక దర్జీని తిట్టింది. తప్పు దర్జీది కాదు, వెన్ను వంపుదని తెలిశాక నాలుగేళ్ళు తిరిగారు. నూనె రాసేవాడు కట్టు కట్టి నలభై రోజులన్నాడు. యోగా మాస్టారు ఆ కట్టు విప్పించాడు. పెద్ద డాక్టరు యోగా మాన్పించి బెల్టు రాశాడు. ఆ బెల్టు చేతికొచ్చేసరికి ఎముకల ఎదుగుదల ఆగిపోయింది, వంపు స్థిరపడిపోయింది. ఒకళ్ళు పెట్టింది ఇంకొకళ్ళు తీయించడమే గానీ, అందరూ కలిసి ఆ వీపు కోసం ఒక్క రోజు పనిచేసింది లేదు.

ఆ పంచాయితీ తర్వాత సూర్యకళే తీర్చుకుంది. పొద్దున్నే గోడ దగ్గర వ్యాయామం, నొక్కుకుపోయిన వైపు గాలి నింపే ఊపిరి. ఎడమ చెప్పులో అర ఇంచీ మందం. మిషను మీద కూర్చున్నంతసేపూ నడుముకి బెల్టు, గంటకోసారి లేచి అటూ ఇటూ నడక. ఆదివారం మరిడమ్మ వచ్చి నూనె రాస్తుంది. అది నొప్పికి, వంపుకి కాదు. ఆ తేడా మరిడమ్మ చేత ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. ఇవన్నీ కలిసినా వీపును నిటారు చెయ్యలేదు. మిషను తొక్కే ఏళ్ళని మాత్రం పెంచాయి.

ఈ మధ్య లేస్తూనే తలనొప్పి, సాయంత్రానికి కాళ్ళవాపు. రాజమండ్రి వెళ్ళి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకోమని శ్యాంబాబు ఫోను మీద ఫోను. "శ్రావణమాసం ముహూర్తాలు అవనీండి బాబూ" అంటూ వాయిదా వేస్తోంది.

పది గంటలకి సిద్ధాంతం నుంచి రాణి స్కూటీ మీద వచ్చింది. వెనక కూతురు పావని. పన్నెండేళ్ళ పిల్ల, చుడీదారు కింద వెన్ను వంపు పెరగకుండా బిగించిన ప్లాస్టిక్ బ్రేస్‌తో కొయ్యబొమ్మలా నిటారుగా కూర్చుని ఉంది. ఆదివారమే ఓణీల ఫంక్షను. రాణి సంచీలోంచి చిలకపచ్చ పట్టుబట్ట తీసింది.

"ఆ డబ్బా తీసేసి కొలుచుకోండి సూర్యకళగారూ. ఆ రోజు వెయ్యం."

"ఎంతసేపు తీసి ఉంచుతారండీ?"

"ఇంక దాంతో పన్లేదు లెండి. సోమవారం నుంచి నూనె రాసే ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాం. నలభై రోజుల్లో సాపు చేసేస్తానన్నాడు. ఆ డబ్బా మానిపిస్తేనే చెయ్యి వేస్తాడంట."

సూర్యకళ చేతిలో టేపు ఆగిపోయింది. "డాక్టరుగారేమన్నారు?"

"ఎదిగినన్నాళ్ళూ వెయ్యాలంటారు. రోజుకి ఇరవై గంటలు, ఇంకో రెండేళ్ళు! ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఏంటది, ఏంటది అని ఒకటే గొడవ. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి? మీకేం తెలుస్తుందండీ నా బాధ!"

గుమ్మంలో కూర్చుని హుక్కులు కుడుతున్న రత్తమ్మ తలెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి, పాతికేళ్ళుగా ఆ కొట్లో చేతిపని ఆవిడదే. "అవునమ్మా, ఆవిడికేం తెలుస్తుంది? ఊరికే సరదాకి మోస్తుంది వీపు మీద."

రాణి నాలిక కరుచుకుంది.

"ఆర్నెల్లుగా వంపు పెరగలేదంట ఆంటీ" అంది పావని మెల్లగా. "ఎక్స్‌రే చూసి చెప్పారు. ఎక్సర్‌సైజులు కూడా రోజూ చేస్తున్నా."

సూర్యకళ టేపు ఆ పిల్ల చేతికిచ్చి వెనక్కి తిరిగింది. "నా వీపు కొలువమ్మా. మెడపూసకి తిన్నగా కిందికొచ్చి, అక్కణ్ణుంచి చంక దాకా. అటెంతో ఇటెంతో చెప్పు."

"కుడివైపు తొమ్మిదిన్నర..." పావని టేపు మార్చింది. "ఎడమవైపు ఏడు."

"మాకూ నలభై రోజులే అన్నారండీ" అంది సూర్యకళ ఇటు తిరిగి. "నూనె రాయించండి రాణిగారూ, నేనూ రాయించుకుంటాను. హాయిగా ఉంటుంది. కానీ ఇది తీసేసి అది కాదండి. బ్రేస్, వ్యాయామం, చూపించుకోవడం, అన్నీ కలిసి నడవాలి. ఒకటి పట్టుకుని మిగతావి వదిలేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీ అమ్మాయే చదివింది."

రాణి కళ్ళు తడయ్యాయి. చివరికి, "ఆదివారం మాత్రం వద్దండీ. అంతమందిలో... తర్వాత చూద్దాం" అంది.

ఆ 'చూద్దాం' సూర్యకళకి బాగా తెలుసు. అమ్మ నోట నాలుగేళ్ళు విన్నది. "మీ ఇష్టమండీ" అని పావనిని లోపలికి తీసుకెళ్ళి, బ్రేస్ విప్పించి కొలతలు రాసుకుంది. రాణి బయట వంటవాళ్ళతో ఫోన్లో బూరెల లెక్క తేలుస్తుండగా, పావని మళ్ళీ బ్రేస్ బిగించుకుంది. సూర్యకళ దాని మీద నుంచి ఇంకోసారి కొలిచి వేరే కాగితం మీద రాసుకుంది.

వాళ్ళు వెళ్ళాక రెండో కాగితం ముందు పెట్టుకుని కత్తెర పట్టింది. కుడి వీపు వేరు, ఎడమ వీపు వేరు. బ్రేస్ అంచు కనబడకుండా జాకెట్టు నడుము కిందికి దించింది. జరీ అంచు చుట్టూ ఒక్క ముక్కగా తిప్పి, ఇంకో టైలరెవరైనా లోపలికి పట్టాలంటే అంచు కోస్తే తప్ప కుదరని చోట కుట్టేసింది.

రత్తమ్మ ముక్కలు చేతుల్లోకి తీసుకుని చూసింది. "ఏంటే ఇది? ఏ ఒంటికి?"

"డబ్బా ఉన్న ఒంటికి పిన్నీ."

"ఆవిడ వద్దంది కదే!"

"నాకు చెవుడు."

"ఎప్పట్నుంచి?"

"పదిన్నర నుంచి."

రత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సూర్యకళకి నవ్వడానికి ఊపిరి చాలలేదు. మిషను మీద చెయ్యి ఆన్చి, నొక్కుకుపోయిన వైపు గాలి నింపడానికి ప్రయత్నించింది. ఆ రోజు గంటకోసారి లేవాలన్న నియమం రెండుసార్లు తప్పింది.

నాలుగింటికి హుక్కులతో సహా పని పూర్తయింది. ఇస్త్రీ చేసి కవర్లో పెట్టి, చీటీ మీద 'పావని' అని రాసి, "కాస్త నడుం వాలుస్తాను పిన్నీ, ఐదింటికి లేపు" అంది సూర్యకళ. శ్యాంబాబు నేర్పినట్టు పక్కటెముకల కింద దిండు పెట్టుకుని పక్కకి తిరిగి పడుకుంది.

ఐదింటికి రత్తమ్మ టీ తెచ్చింది. పిలిచింది. అలిసిపోయిందిలే అని గ్లాసు మంచం పక్కన పెట్టి ఇంకాసేపు చూసింది. టీ మీద మీగడ కట్టాక చెయ్యి పట్టుకుని చూసింది.

మరుక్షణం ఏడవలేదు రత్తమ్మ. చావింటి నుంచి వచ్చిన బట్ట శుభకార్యానికి ఎవరూ తాకరు. కవరు కొంగు కింద పెట్టుకుని సందు దాటి, ఎదుటి ఫ్యాన్సీ కొట్టు కృపారాణికిచ్చి, "సిద్ధాంతం వాళ్ళొస్తారు, వాళ్ళకియ్యమ్మా. మధ్యాన్నమే ఇచ్చానని చెప్పు" అంది. నలుగురికీ తెలిసేదాకా మైల లేదని తనకి తనే తీర్పు చెప్పుకుంది. అప్పుడు వెనక్కొచ్చి, తలుపు తీసి, గుండెలు బాదుకుంది.

రాణి పంపిన కుర్రాడు ఫ్యాన్సీ కొట్లోనే కవరు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం ముహూర్తానికి అరగంట ముందు రాణి కూతురికి జాకెట్టు తొడిగింది. కుడివైపు సంచీలా జారింది. ఎడమవైపు గుప్పెడు బట్ట తేలింది. మెడ భుజం మీద నుంచి దిగిపోయింది. పిన్నులు పెడితే పట్టు చిరుగుతుంది. బయట మేళం మొదలైంది. పావని మంచం కిందికి వంగి బ్రేస్ బయటికి లాగింది.

దాని మీద జాకెట్టు ఒంటికి పోతపోసినట్టు కుదిరింది. వడ్డాణం జారకుండా నిలబడింది. అక్షింతలు వేసిన నూటయాభైమందిలో ముగ్గురు అడిగారు, ఈ కాలం పిల్లకి ఇంత తిన్నగా కూర్చోవడం ఎవరు నేర్పారని. ఏంటది అని ఎవరూ అడగలేదు.

సోమవారం నూనె రాసే ఆయన ఎదురుచూసి ఉంటాడు. రాణికి ఆ రోజే సూర్యకళ పోయిన కబురు తెలిసింది. పన్నెండో రోజు దాటాక, పావనిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ ఆ సందులో స్కూటీ ఆపింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. రత్తమ్మ గది ఊడుస్తోంది.

"డబ్బా మీదికి కుడతానని నాతో ఒక్క మాటైనా అనలేదండీ ఆవిడ" అంది రాణి.

"డబ్బా వదలొద్దని అంది కదమ్మా. నువ్వు చూద్దామన్నావు."

పావని వెళ్ళి, ఎదురుగా గోడకి తగిలించి ఉన్న జాకెట్టుని వేలితో తాకింది.

"చీరలు నలుగురికీ పంచేశాను" అంది రత్తమ్మ చీపురు ఆపి. "జాకెట్లు మాత్రం ఎవరికీ పట్టలేదు."

హ్యాంగరుకి లేత పసుపు నూలు జాకెట్టు వేలాడుతోంది. లోపల ఎవరూ లేకపోయినా దాని కుడి వీపు ఇంకా ఎత్తుగానే ఉంది.