అరంగుళం ఈశాన్యం

కాలేజీలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన శ్రీరామమూర్తిగారు, శంషాబాద్ ఫ్లాటులో బొమ్మరైళ్ల పిచ్చిలో పడ్డారు. ఆ పిచ్చికో సంఘం కూడా ఉంది! ఒక్కొక్కరూ నాలుగడుగుల బల్ల మీద పట్టాలేసి, ఊరు కట్టి తెస్తారు. ప్రదర్శనలో బల్లలన్నీ వరసగా బిగిస్తే రైలు అందరి ఊళ్ల మీదుగా పోతుంది. రెండేళ్లుగా మూర్తిగారికి దక్కింది కుర్చీలు సర్దే పని. ఈసారి నడిమధ్య స్టేషను ఆయనదే. ఏడాదిపాటు అగ్గిపుల్లంత చెట్లకు ఆకులు అంటించారు పాపం.

బల్ల చేసింది కుర్మయ్య, కాటేదాన్‌లో తలుపులు చేసే వడ్రంగి. చివరలకు మూలమట్టం ఆనించి, వెంట్రుకవాసి తేడా లేదని మురిసిపోయాడు. అప్పుడు మూర్తిగారు నోరు విప్పారు.

"ఈశాన్యం మూల అరంగుళం పెంచవయ్యా."

"ఏంది సారూ? గిది ఇల్లు కాదు, బల్ల."

"దానిమీద స్టేషనుందిగా? ఈశాన్యం పెరగకపోతే కలిసిరాదు."

"చివర వంకరైతే పక్క బల్లకు ఆనది సారూ. జర ఇనుర్రి."

వింటారా? లెక్కల మేష్టారికి వడ్రంగి లంబకోణం నేర్పడమా! కుర్మయ్య తల కొట్టుకుని, ఒకవైపు సన్నగా, ఒకవైపు అరంగుళం మందంగా చెక్క చెక్కి చివరన అంటించాడు. మూర్తిగారు దాని మీదికి పట్టాలు సాగదీసుకున్నారు.

ప్రదర్శన తుక్కుగూడ ఫంక్షన్ హాల్లో. బల్లలు కలిపితే మూర్తిగారిది ఒక మూల ఆనింది, రెండో మూల వేలు దూరేంత సందు. పరీక్షకు వదిలిన రైలు ఠీవిగా వచ్చి ఆ సందు దగ్గర బోర్లా పడింది.

సంఘం నడిపే ఝాన్సీ గడియారం చూసుకుంది. "పది నిమిషాల్లో తలుపులు తీస్తామండీ. కుదరకపోతే మీ బల్ల తీసేసి మిగతావి కలిపేస్తాం."

బల్ల దింపడానికి వచ్చిన కుర్మయ్య రంపం తీశాడు. "కోస్త సారూ?"

మూర్తిగారు బల్లకు అడ్డం పడ్డారు. "ఈశాన్యం కోస్తావా? బుద్ధున్నవాడెవడైనా చేస్తాడా ఆ పని!"

కుర్మయ్య కిటికీలోంచి పొద్దు ఎటుందో చూశాడు. "గది మీ ఇంట్ల ఈశాన్యం సారూ. ఈడ జనం చూడనీకి బల్ల అటుదిటు మర్లేసి పెట్టిర్రు. ఇగ పెరిగింది నైరుతి."

నైరుతి! నైరుతి పెరిగితే యజమాని పని సరి అని ఎందరి ఇళ్లకు వెళ్లి, అడక్కుండానే చెప్పొచ్చారో ఆయన. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చూస్తావేమయ్యా, కొయ్యి!"

కుర్మయ్య మూలమట్టం పెట్టి గీత గీసి, పట్టాలతో సహా ఆ వంకర కోసేశాడు. బల్లలు అతికినట్టు కుదిరాయి. తలుపులు తీశారు. జనం చూస్తుండగా రైలు స్టేషనులోకి వచ్చి, ఆగి, ముందుకు సాగిపోయింది. మూర్తిగారి కళ్లు చెమర్చాయి. ఇది మాత్రం వెక్కిరింపుకు చెబుతున్నది కాదు.

"నేను ముంగటనే చెప్తి గద సారూ," అన్నాడు కుర్మయ్య.

మూర్తిగారు కళ్లు తుడుచుకుని అంతెత్తున లేచారు. "ఏం చెప్పావయ్యా? హాలు ఎటు తిరిగి ఉంటుందో కనుక్కుని చెప్పావా?"