నీళ్ళు బరువెక్కిన మధ్యాహ్నం

మధ్యాహ్నమైనా పొగమంచు విడవలేదు. బావి తవ్వే యంత్రం పైసగం మబ్బులో కరిగిపోయి, కిందిసగమే పనిచేస్తున్నట్టుంది. బురద తొట్ల పక్కన, పంపుల జోలపాటలో, అందరూ తూకాలమ్మ అని పిలిచే ఆవిడ త్రాసు ముందు సగం కలలో ఉంది.

ఆ బురద అల్లాటప్పా బురద కాదు. బావి నిండా నిలబడి, రాతి అడుగున ఉన్న గ్యాసును తన బరువుతో అణచిపెట్టేది అదే. బరువు తగ్గితే గ్యాసు పైకి తన్నుకొస్తుంది. బావి నోటి దగ్గర నిలబడి తవ్వేది స్వయానా ఆమె అక్క మొగుడు.

గిన్నె నింపి, మూత పెట్టి, కన్నంలోంచి ఉబికిన బురద తుడిచింది. ఒకటీ పాయింట్ ఇరవై. మూడు రోజులుగా అదే అంకె.

"బావా, నీకంటే నీ బావి బుద్ధిగా ఉంది," అంది రేడియోలో.

"మరదలు తూచాక తిరుగేముంది!"

కానీ బావిలోంచి తిరిగొచ్చే బురద పడే తొట్టిలో మట్టం వేలెడు పెరిగింది. ఎవరూ ఏమీ పోయలేదు. పొంగబోయే పాలలా బురద నెమ్మదిగా లేస్తోంది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

చివరికి గిన్నెలో మంచినీళ్ళు పోసి తూచింది. ఒకటి రావాలి. ఒకటీ పాయింట్ సున్నా మూడు వచ్చింది. నీళ్ళు బరువెక్కడమేమిటి? గిన్నె తిప్పి చూస్తే, అడుగున ఎండిన బురద పెచ్చు. పైన తుడవడమే గానీ అడుగు కడిగిన పాపాన పోలేదు. అంటే మూడు రోజులుగా బావిలో ఉన్నది తేలిక బురద.

చప్పుడు చేయకుండా బురదలో బరువు పెంచే పొడి కలిపేస్తే సాయంత్రానికి లెక్క సరిపోతుంది. పదిహేనేళ్ళ పేరు నిలుస్తుంది. ఈలోగా మంచులో, బావి నోటి దగ్గర, బావ పచ్చ హెల్మెట్ ఉంటుందో ఉండదో.

"బావా, ఆపు! బావి మూసెయ్! మూడ్రోజుల్నించీ నేను చెప్పిందంతా తప్పు!"

రేడియోలో అందరూ విన్నారు. అతను ఎందుకని అడగలేదు, మూసేశాడు. మరుక్షణం ఒత్తిడి ముల్లు పైకి లేచింది. గ్యాసు అప్పటికే బావిలోకి చొరబడింది.

బరువు బురద పంపి, ముల్లును సున్నాకి దించేసరికి సాయంత్రమైంది. అతను ఒళ్ళంతా బురదతో ఆమె దగ్గరికొచ్చాడు.

"ఎంతుంది?"

"ఒకటీ పాయింట్ ఇరవై మూడు."

అతను కదల్లేదు. "ఇంకోసారి తూచు," అన్నాడు మెల్లగా.

ఆ మాట పదిహేనేళ్ళలో ఎన్నడూ అనలేదు. ఆమె మనసు చివుక్కుమంది. అయినా గిన్నె బోర్లించి, కడిగిన అడుగు అతనికి చూపించి, మళ్ళీ తూచింది. తూచినంతసేపూ అతను పక్కనే నిలబడి చూశాడు.